పద్దెనిమిదో చెట్టు

మూడున్నరకి బెల్ కొడతారు. ఇప్పుడు మూడు దాటి ఎనిమిది నిమిషాలు. మిగిలింది ఒకే ఒక్క చెట్టు. అది తాళం వేసిన పంపు హౌసు గేటు వెనక ఉంది.

ఎక్స్‌ప్రెస్ గేటు పట్టుకుని గట్టిగా ఊపింది. తాళం గలగలలాడింది తప్ప లోపలినుంచి ఎవరూ పలకలేదు.

"పంపు మావయ్య టీ తాగడానికి వెళ్లాడట. పది నిమిషాల్లో వచ్చేస్తాడట," అంది నత్త. ఎదురుగా ఉన్న సైకిల్ షాపులో అడిగి వచ్చింది.

"పది నిమిషాలా? అప్పటికి కాగితం టీచర్ చేతిలో ఉండాలి."

ఎక్స్‌ప్రెస్ అనేది క్లాసు పెట్టిన పేరు. ఏ పనైనా అందరికంటే ముందు ముగించి చేతులు దులిపేసుకుంటుంది కాబట్టి ఆ పేరు వచ్చింది. నత్త అందుకు పూర్తిగా ఉల్టా. ఒక లెక్క చేస్తే దాన్ని మొదటినుంచి మళ్లీ సరిచూసుకుని గానీ రెండోదాన్ని ముట్టుకోదు. అయినా ఇద్దరిదీ మూడో తరగతి నుంచి ఒకే బెంచి. ఒకరు రాని రోజు ఇంకొకరికి అన్నం సహించదు.

ఇప్పుడు ఆరో తరగతిలో వాళ్లకి దొరికింది పెద్దవాళ్ల పని. ఊళ్లో కొత్త నీళ్ల పైపు వేస్తున్నారు. దారిలో ఉన్న చెట్లలో వేటిని కొట్టొచ్చో, వేటిని కొట్టకూడదో తేలాలి. చెట్ల ఆఫీసులో చెట్లు తెలిసినవాళ్లు ఇద్దరే. వీధులేమో నలభై. అందుకని ఆఫీసువాళ్లు స్కూలు సాయం అడిగారు. ఒక్కో జంటకి ఒక వీధి, ఒక కాగితం, బొమ్మలున్న ఒక కార్డు ఇచ్చారు.

కార్డు మీద రెండు చెట్ల చుట్టూ ఎర్ర గీత ఉంది. గొడుగుపూల చెట్టు ఒకటి, గవ్వపూల చెట్టు ఒకటి.

"ఈ రెండూ దూరం నుంచి కవలపిల్లల్లా ఉంటాయి," అని సైన్స్ టీచర్ నిన్ననే చెప్పింది. "ఎత్తు అంతే, బెరడు అంతే, తెల్లపూలు అంతే. పూసే నెల కూడా ఒకటే. మోసపోకండి. ఆకు తిప్పి చూడండి. వెనక కూడా పచ్చగా, నున్నగా ఉంటే గొడుగుపూల చెట్టు. ఇవి ప్రతి వీధిలోనూ ఉన్నాయి. ఒకటి పోతే పది నాటుకోవచ్చు. వెనక గోధుమరంగులో, పిల్లి చెవిలా మెత్తగా తగిలితే అది గవ్వపూల చెట్టు. అడవుల్లో కూడా కొన్ని వందలే మిగిలాయి. అది కనిపిస్తే పక్కన 'అరుదు' అని రాయండి. ఆ మాట ఉంటే చాలు, పైపు పక్కకి వంగుతుంది గానీ చెట్టు మీద చెయ్యి పడదు."

పంపు హౌసు గోడకి ఇవతల ఉన్నది పదిహేడో చెట్టు. దాని ఆకు తిప్పి చూశారు. పచ్చగా, నున్నగా ఉంది. గొడుగుపూల చెట్టు. పద్దెనిమిదోది గోడకి అవతల ఉంది. రెండింటి కొమ్మలూ గోడ మీద, చేతికి అందనంత ఎత్తులో కలిసిపోయాయి. రోడ్డంతా తెల్లగా పూలు రాలి ఉన్నాయి.

"ఇంక చూసేదేముంది? అదీ తెల్లపూలే, ఇదీ తెల్లపూలే," అంది ఎక్స్‌ప్రెస్.

నత్త వంగి ఒక పూరేకు ఏరింది. అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ దొర్లించింది. "ఇది చూడు. గవ్వలా ముడుచుకుని ఉంది."

"ఎండకి వాడిపోయింది. అరగంట నిలబడితే నువ్వూ అలాగే ముడుచుకుంటావు."

నత్త నవ్వలేదు. "ఆకు తిప్పి చూడమన్నారు టీచర్."

"ఆకు గోడ అవతల ఉంది తల్లీ. రెక్కలు కట్టుకుని ఎగరనా? బి సెక్షన్ వాళ్లు ఈపాటికి ఇచ్చేసి ఉంటారు."

అదీ అసలు సంగతి. వరండాలో వీధులన్నీ గీసిన పెద్ద మ్యాప్ బోర్డు పెట్టారు. అందరికంటే ముందు కాగితం ఇచ్చిన జంట పేర్లు ఆ బోర్డు పైభాగాన పెయింట్‌తో రాస్తారు. చాక్‌పీసుతో కాదు, పెయింట్‌తో. స్కూలు ఉన్నన్నాళ్లూ ఉంటాయి.

ఎక్స్‌ప్రెస్ కాగితం ఉన్న అట్టని మోకాలి మీద పెట్టుకుంది. పద్దెనిమిదో వరసలో, చెట్టు పేరు రాయాల్సిన గడిలో రెండు చిన్న గీతలు పెట్టింది. పైన ఉన్నదే ఇక్కడా అని వాటి అర్థం. ఆకు గడిలో రెండు గీతలు. బెరడు గడిలో రెండు గీతలు. పువ్వు గడిలో రెండు గీతలు. అంతా కలిపి నాలుగు సెకన్లు పట్టింది.

కాగితం చివర రెండు సంతకాలు ఉండాలి. 'రాసినవారు' అన్నచోట తను పెట్టేసింది. 'చూసినవారు' అన్నచోటు నత్తది.

"నేను చూడలేదుగా," అంది నత్త.

"పదిహేడు చెట్లు చూశావుగా. ఒక్కదాని కోసం పడ్డ కష్టమంతా నీళ్లపాలు చేస్తావా?"

"పది నిమిషాలే కదా..."

"సరే, పెట్టకు. నాతో మాట్లాడకు కూడా."

ఆ మాట సరదాకి అన్నదే. కానీ నత్త ముఖం చిన్నబోయింది. పెన్ను తీసుకుంది. ఎప్పుడూ గుండ్రంగా ఉండే ఆమె అక్షరాలు ఆ రోజు వంకరపోయాయి. ముడుచుకున్న పూరేకుని మాత్రం పారేయలేదు. జామెట్రీ బాక్సులో పెట్టుకుంది.

ఇద్దరూ పరుగెత్తారు. అందరికంటే ముందు వాళ్లే వచ్చారు.

మర్నాడు చెట్ల ఆఫీసర్ మేడమ్ కాగితాలు తీసుకోవడానికి వచ్చింది. ఎండలో తిరిగి తిరిగి నల్లబడిన మనిషి, చేతినిండా ఫైళ్లు. ఎక్స్‌ప్రెస్ కాగితం చూసి ఆగింది.

"అబ్బ, ఏం దస్తూరీ. ఒక్క కొట్టివేత లేదు. ఇది మళ్లీ వెళ్లి చూడక్కర్లేదు. గజిబిజిగా ఉన్నవాటి సంగతే చూడాలి."

అక్కడికక్కడే స్టాంపు వేసి, కింద సంతకం పెట్టేసింది.

సాయంత్రానికి బోర్డు మీద రెండు పేర్లు నీలం పెయింట్‌తో మెరిశాయి. ఎక్స్‌ప్రెస్ ఆ వారం అవసరం లేకపోయినా వరండాలోంచే తిరిగింది.

మూడు వారాలు గడిచాయి.

ఆ శనివారం ఒంటిపూట బడి. ఎక్స్‌ప్రెస్ ఒక్కతే ఇంటికి వెళుతోంది. పంపు హౌసు మలుపు దగ్గరికి వచ్చేసరికి రంపం చప్పుడు వినిపించింది. పదిహేడో చెట్టు అప్పటికే నేలకూలింది. దాని ముక్కల్ని లారీలోకి ఎక్కిస్తున్నారు.

ఆమెకి పెద్దగా ఏమీ అనిపించలేదు. గొడుగుపూల చెట్టే కదా, పది నాటుతారు.

పంపు హౌసు గేటు బార్లా తీసి ఉంది. లోపల పద్దెనిమిదో చెట్టు మొదటిసారి నిలువెత్తున కనిపించింది. కాండం మీద ఎర్ర ఇంటూ గుర్తు. పనివాళ్లు దాని నీడలోనే టిఫిన్ బాక్సులు విప్పుకుని కూర్చున్నారు. మేస్త్రి రంపానికి ఆయిల్ పోస్తున్నాడు.

చెట్టు కింద ఒక పచ్చి కొమ్మ విరిగి పడి ఉంది. ఎక్స్‌ప్రెస్ ఊరికే దాన్ని తీసింది. ఆకు తిప్పింది.

వెనక గోధుమరంగు. వేలు తగిలింది. మెత్తగా, వెచ్చగా, పిల్లి చెవిలా ఉంది.

ఆమె ఇంకో ఆకు తిప్పింది. ఇంకోటి. ఇంకోటి. అన్నీ అంతే. తలెత్తి చూస్తే కొమ్మల నిండా గవ్వల్లాంటి పూలు. ఒక్కటీ వాడిపోలేదు.

మేస్త్రి దగ్గరికి వెళ్లింది.

"మేస్త్రి గారూ, ఈ చెట్టు కూడా కొట్టేస్తారా?"

"గుర్తు పెట్టారుగా పాపా. అన్నం తినగానే దీని పనే."

"ఇది... ఇది బాగుంది కదండీ. ఉంచేయకూడదా?"

మేస్త్రి నవ్వాడు. "బాగున్నవి ఉంచుకుంటూ పోతే మా పొయ్యిలో పిల్లి లేవదు. కాగితం కొట్టమంది. నాదేముంది?" జేబులోంచి మడత కాగితం తీసి చూపించాడు. ఆమె రాసిన కాగితానికి జిరాక్సు. పద్దెనిమిదో వరసలో రెండేసి చిన్న గీతలు.

"కాగితం తప్పయితే?"

మేస్త్రి నవ్వు ఆపాడు. ఆమె వంక పరీక్షగా చూశాడు. "తప్పని ఎవరైనా నా ఎదురుగా చెబితే ఆపేస్తాను. ఆఫీసుకి ఫోన్ చేస్తాను. తప్పని నువ్వు చెబుతున్నావా?"

చెప్పాల్సింది ఒక్క ముక్క. అవును, అది నేనే రాశాను, చూడకుండా రాశాను.

ఆ ముక్క నాలుక చివరిదాకా వచ్చింది. దానితోపాటే నీలం పెయింట్ గుర్తొచ్చింది. క్లాసంతా చూసే చూపు గుర్తొచ్చింది. పక్కన పనివాళ్లు నలుగురు నమలడం ఆపి తన వంకే చూస్తున్నారు.

"ఊరికే అడిగాను," అంది ఎక్స్‌ప్రెస్.

మేస్త్రి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆమె గేటు దాటింది. నాలుగడుగులు నడిచింది. తర్వాత పరుగు మొదలుపెట్టింది. అమ్మకి చెబితే చాలు, అమ్మ ఎవరికైనా ఫోన్ చేస్తుంది, తన పేరు రాకుండా ఎలాగో సర్దేస్తుంది. దారిపొడవునా అదే లెక్క వేసుకుంటూ పరుగెత్తింది.

అమ్మ పనిచేసేది మందుల షాపు పైనున్న రక్త పరీక్షల ల్యాబులో. అద్దం తలుపు అవతల అమ్మ చేతి ముందు ఒక స్టాండు నిండా గాజు గొట్టాలు. అన్నిట్లోనూ ఒకేలాంటి ఎర్రటి రక్తం. అమ్మ ఒక గొట్టం తీసింది. దాని మీద పేరు చదివింది. రిజిస్టర్‌లో పేరు చదివింది. మళ్లీ గొట్టం మీద పేరు చదివింది. అప్పుడు టిక్కు పెట్టి రెండోది తీసింది.

ఎక్స్‌ప్రెస్ అద్దం మీద కొట్టింది. అమ్మ తలెత్తకుండానే చెయ్యి అడ్డం పెట్టింది, ఒక్క నిమిషం అన్నట్టు. మొదలుపెట్టిన గొట్టం పూర్తయ్యాకే గ్లవుజులు తీసి బయటికి వచ్చింది.

"ఏంటే ఆ ఆయాసం? ఎవరికేమైంది?"

ఎక్స్‌ప్రెస్ అక్కడినుంచి, ఇక్కడినుంచి మొదలుపెట్టింది. చెట్టు అంది, పైపు అంది, ఎవరో తప్పు రాశారంది.

"ఎవరో అంటే?"

ఎక్స్‌ప్రెస్ స్కూలు బ్యాగు పట్టీ మెలిపెట్టింది.

"ఎవరో అంటే ఎవరే?"

"నేనే," అంది ఎక్స్‌ప్రెస్. అనేసరికి ఏడుపు తన్నుకొచ్చింది.

అమ్మ తిట్టలేదు. టీచర్‌కి ఫోన్ చేసింది. టీచర్ ఆఫీసర్ మేడమ్‌కి చేసింది. మేడమ్ మేస్త్రికి చేసింది. మేస్త్రి ఫోన్ మోగుతూనే ఉంది. ఎత్తలేదు. రంపం నడుస్తున్నప్పుడు ఫోన్ వినపడదు.

అమ్మ, ఎక్స్‌ప్రెస్ ఆటోలో వెళ్లేసరికి రంపం ఆగిపోయి ఉంది.

ఎప్పుడూ నీడగా ఉండే పంపు హౌసు గోడ మీద తెల్లటి ఎండ పడుతోంది. మొదలు దగ్గర తడి రంపపుపొట్టు కుప్పగా పోసి ఉంది. మేస్త్రి హెల్మెట్ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. ఫోన్‌లో తొమ్మిది మిస్డ్ కాల్స్ చూసుకున్నాడు. తర్వాత ఎక్స్‌ప్రెస్ వంక చూశాడు.

"అడిగాను కదమ్మా," అన్నాడు అంతే.

టీచర్ వచ్చింది. ఆమె వెనకే నత్త కూడా వచ్చింది. ఎవరు చెప్పారో ఏమో. ఆఫీసర్ మేడమ్ మోకాళ్ల మీద కూర్చుని కొమ్మల్లోంచి ఒక ఆకు తీసి, తిప్పి చూసింది. ఇంకో కొమ్మ లాగి దాని ఆకులు కూడా తిప్పింది.

"ఊరంతా కలిపి ఇలాంటివి మూడున్నాయని అనుకోవడానికి కూడా మాకు ధైర్యం లేదు. రెండే లెక్కలో ఉన్నాయి," అంది చివరికి. "ఇది మూడోది. ఉందని ఇవాళే తెలిసింది."

"నేను చూడకుండా రాశాను మేడమ్," అంది ఎక్స్‌ప్రెస్. "నత్త వద్దంది. ఆగుదామంది. నేనే బలవంతం చేశాను."

"సంతకం నాదే," అంది నత్త. ఆమె గొంతులో ఏడుపు లేదు. ఎక్స్‌ప్రెస్‌కి అందుకే భయం వేసింది.

ఆఫీసర్ మేడమ్ ఇద్దరినీ చూసింది. "దాని కింద నా సంతకం కూడా ఉంది. దస్తూరీ బాగుందని నేనూ చూడలేదు." ఆమె లేచి చీరకి అంటిన పొట్టు దులుపుకుంది. "నా ఉద్యోగమే చూడటం. మీదేమో స్కూలు పని. ఎక్కువ సిగ్గుపడాల్సింది నేను."

పంపు మావయ్య చీపురు పట్టుకుని ఒక పక్కగా నిలబడి ఉన్నాడు. "రోజూ పొద్దున్నే ఈ పూలు ఊడవలేక విసుక్కునేవాణ్ణి," అన్నాడు ఎవరితోనూ కాకుండా. తర్వాత పిల్లల వైపు తిరిగాడు. "గేటు తీయమంటే తీసేవాణ్ణి కదమ్మా. ఆ రోజు మూడుంబావుకల్లా వచ్చేశాను. మీరు వచ్చి వెళ్లారని సైకిల్ షాపువాడు చెప్పాడు."

మూడుంబావు. ఎక్స్‌ప్రెస్ లెక్క వేసుకుంది. వేసుకోకుండా ఉంటే బాగుండేది. ఏడు నిమిషాలు ఆగి ఉంటే సరిపోయేది. బెల్ కొట్టేలోపు స్కూలుకి కూడా చేరేవాళ్లు.

"మొదలు నుంచి మళ్లీ చిగురు వస్తుందా మేడమ్?" అని అడిగింది.

"గొడుగుపూల చెట్టు అయితే వస్తుంది. అదంత మొండిది. ఇది రాదు."

సోమవారం నత్త వెనక బెంచీకి మారిపోయింది.

ఎక్స్‌ప్రెస్ ఇంటర్వెల్‌లో ఆమె దగ్గరికి వెళ్లింది. "సారీ," అంది.

నత్త జామెట్రీ బాక్సు తెరిచింది. పూరేకు ఎండి గోధుమరంగుకి తిరిగింది. అయినా గవ్వలాగే ఉంది. "నాకెందుకు చెబుతావ్?" అని మూత వేసేసింది.

చెట్ల ఆఫీసు కాగితాలన్నీ వెనక్కి పంపింది. అన్ని వీధులూ మళ్లీ చూడాలి. క్లాసంతా ఎక్స్‌ప్రెస్ మీద మండిపడింది.

"ఎక్స్‌ప్రెస్ పట్టాలు తప్పిందిరా, మనం తోసుకుంటూ వెళ్లాలి," అన్నాడు బి సెక్షన్ లీడరు. అందరూ నవ్వారు. ఎక్స్‌ప్రెస్ తల దించుకుంది. ఒకప్పుడైతే నాలుగు తగిలించేది.

ఆ సాయంత్రం టీచర్ దగ్గరికి వెళ్లి పెయింట్ డబ్బా అడిగింది. ఎందుకని టీచర్ అడగలేదు. బోర్డు పైనున్న తన పేరు మీద తనే తెల్ల పెయింట్ పూసింది. నత్త పేరు ముట్టుకోలేదు. మ్యాప్‌లో పంపు హౌసు దగ్గరున్న పద్దెనిమిదో చుక్క పక్కన చిన్న అక్షరాలతో రాసింది: గవ్వపూల చెట్టు. అరుదు. ఇప్పుడు లేదు.

నాలుగు రోజులు వాన కురిసింది. రెండోసారి చెట్లు చూడటానికి వెళ్లే రోజున ఎక్స్‌ప్రెస్ పంపు హౌసు మీదుగా వెళ్లింది. గోడ ఇవతల పదిహేడో మోడు మీద వేలెడేసి పచ్చటి చిగుళ్లు వచ్చాయి. గోడ అవతల పద్దెనిమిదో మోడు నల్లబడిపోయింది. దాని మీద ఒక పురుగు నెమ్మదిగా పాకుతోంది. అంతే.

టీచర్ జంటల్ని మార్చలేదు. ఎక్స్‌ప్రెస్, నత్త ఒకే వీధిలో, ఒకే కాగితంతో, మాటల్లేకుండా నడిచారు. ఈసారి వాళ్లకి వేరే వీధి ఇచ్చారు, పద్నాలుగు చెట్లు. ఎక్స్‌ప్రెస్ ప్రతి ఆకూ తిప్పి చూసింది. ప్రతి గడిలోనూ పేరు మొత్తం రాసింది. వరసగా ఐదు గొడుగుపూల చెట్లు వచ్చినా ఐదుసార్లూ మొత్తం రాసింది. చెయ్యి నొప్పి పుట్టింది.

పదమూడో చెట్టు ఒక ఐసు ఫ్యాక్టరీ గేటు వెనక ఉంది. తాళం వేసి ఉంది. వాచ్‌మన్ వస్తాడని ఎవరో అన్నారు.

ఎక్స్‌ప్రెస్ గేటు పక్క అరుగు మీద కూర్చుంది. నత్త కొంచెం దూరంగా నిలబడింది. బి సెక్షన్ వాళ్లు కాగితాలు ఊపుకుంటూ వాళ్లని దాటి వెళ్లారు. "ఏంటి, రైలు స్టేషన్‌లోనే పడుకుందా?" అని ఒకడు అరిచాడు. స్కూలు బెల్ దూరంగా మోగింది. ఎక్స్‌ప్రెస్ లేవలేదు.

పావుగంట తర్వాత వాచ్‌మన్ వచ్చి తాళం తీశాడు. ఆమె ఆకు తిప్పింది. పచ్చగా, నున్నగా ఉంది. గొడుగుపూల చెట్టు. మొత్తం రాసింది.

పద్నాలుగోది ఒక ఇంటి పెరట్లో ఉంది. ఇంటివాళ్లు ఊరెళ్లారు. రేపటికి గానీ రారు. గోడ మీదినుంచి తెల్లపూలు కనిపిస్తూనే ఉన్నాయి. ఎక్స్‌ప్రెస్ ఆ వరసలో ఒకే ఒక్క మాట రాసింది: చూడలేదు.

కాగితం నత్త ముందుకి చాపింది. పెన్ను కూడా ఇచ్చింది.

నత్త కాగితం మొదటినుంచి చివరిదాకా చదివింది. 'చూడలేదు' దగ్గర ఒక క్షణం ఆగింది. సంతకం పెట్టలేదు. వెనక్కి తిరిగి ఐసు ఫ్యాక్టరీ గేటులోకి వెళ్లింది. పదమూడో చెట్టు కొమ్మ వంచింది. ఆకు తిప్పి, వేలితో తడిమి చూసింది. ఆ తర్వాత బయటికి వచ్చి పన్నెండో చెట్టు దగ్గరికి నడిచింది. అక్కడినుంచి పదకొండో దాని దగ్గరికి.

అంటే తన మాట మీద నత్తకి ఇంక నమ్మకం లేదు. ఆ సంగతి ఎక్స్‌ప్రెస్‌కి అర్థమైంది. ముల్లులా గుచ్చుకుంది.

ఆమె తొందరపెట్టలేదు. అట్ట పట్టుకుని, ఒక్కో చెట్టు దగ్గరా ఆగుతూ, నత్త వెనకే నడిచింది. పదమూడు దగ్గర మొదలుపెట్టి ఒకటి దాకా వెళ్లేసరికి వీధి దీపాలు వెలిగాయి.

అప్పుడు నత్త అట్ట అందుకుంది. 'చూసినవారు' అన్నచోట సంతకం పెట్టింది. ఈసారి అక్షరాలు గుండ్రంగా వచ్చాయి.